అంటువ్యాధుల కాలమున పొలము పనివారి రక్షణ

మన సహకార సంఘపు మహాజనసభ సమీపించుచున్నది. ఎరువుల పంపకము, ధాన్యపు కొనుగోలు, బాకీల వసూలు మొదలగు విషయములు ఎప్పటివలెనే సభ యెదుటికి రాగలవు. ఈ యేడు వానితోపాటు మరియొక విషయమును సభ్యులు చర్చింపవలెనని మా కోరిక. అంటువ్యాధి ప్రబలిన కాలమున మన పొలములలో పనిచేయు కూలీలను, వారి మూలమున మన పంటను, ఎట్లు కాపాడుకొనవలెనన్నదే యా విషయము.

ముప్పు తీరిన పిమ్మట ఈ మాట యెత్తుట యెందుకని కొందరడుగవచ్చును. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా పేర్కొన్న కోవిడు వ్యాధి విషయమున, అత్యవసర స్థితి ముగిసినదని 2023 మే 5వ తేదీన ఆ సంస్థయే ప్రకటించినది. నిజమే. కాని వరద వచ్చిన దినమున గట్టు వేయ బూనుకొనువాడు తెలివిగల రైతు కాడు. ఏలేరు గట్లను వేసవిలోనే చూచుకొనవలెనని పిఠాపురపు ప్రాంతమున పసివానికిని తెలియును. అంటురోగము సంగతియు నట్టిదే. అది లేని దినములలో చేసికొన్న కట్టుబాటే అది వచ్చిన దినమున పనికివచ్చును.

ఇది మనకు క్రొత్త పాఠమును గాదు. 1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా జ్వరమున ఈ దేశమున కోటికి పైబడిన జనులు మరణించిరి. ముసలివారికంటె, పసివారికంటె, ఒడలు వంచి పనిచేయు వయస్సువారిని ఆ జ్వరము విశేషముగా పట్టినది. ఆ యేడే వానలును తప్పినవి. పనివారి కొరతయు పంటల కొరతయు ఒకదానినొకటి పెంచినవి. నూరేండ్లు గడచిన పిమ్మట మరల మహమ్మారి వచ్చినప్పుడు మనయొద్ద టీకాలున్నవి, ఆసుపత్రులున్నవి, చేతిలో ఫోనులున్నవి. ఐనను పొలమున పనిచేయువాని స్థితి 1918 నాటికంటె ఎంత మారినదని ప్రశ్నించుకొన్నచో, సమాధానము చెప్పుట కష్టము.

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినప్పుడు మన దాళ్వా చేలు పండుముఖము పట్టియుండెను. కోతలకు మనుష్యులు వత్తురో రారో, కోత యంత్రములు జిల్లా సరిహద్దు దాటునో దాటవో తెలియక రైతులు తల్లడిల్లిరి. మార్చి 27వ తేదీన కేంద్ర హోంశాఖ పొలము పనులను, ధాన్యపు సేకరణను, మార్కెట్లను, కోత యంత్రముల రాకపోకలను నిర్బంధమునుండి తప్పించినది. ఆ యుత్తరువు మన పంటను నిలిపినది. అందులకు సందేహము లేదు. కాని దానితో పనికి అనుమతి దొరికినదే గాని పనిచేయువానికి రక్షణ దొరకలేదు. ఊరంతయు తలుపులు బిగించుకొని కూర్చున్న దినములలో కూలీలు మాత్రము కొడవళ్లు పట్టుకొని పొలమునకు నడచిరి. 2021 జనవరి 16వ తేదీన టీకాలు ప్రారంభమైనప్పుడు మొదట వైద్య సిబ్బందికి, ఆ వెనుక పోలీసులు, మున్సిపల్ కార్మికులు మొదలగువారికి, పిమ్మట వయస్సునుబట్టి తక్కినవారికి వేయబడినవి. అన్నము పండించు చేతులకు ఆ వరుసలో ప్రత్యేకస్థానము లేకపోయెను.

2021 ఏప్రిల్, మే మాసములలో రెండవ విడత విజృంభించినది. అది సరిగా మన దాళ్వా కోతల కాలము. అప్పటికింకను విభజింపబడని మన తూర్పుగోదావరి జిల్లా, రాష్ట్రమున మిక్కిలి హెచ్చుగా కేసులు నమోదైన జిల్లాలలో నొకటిగా నిలిచినది.

ఆ దినములలో జరిగిన దానికి మేమును నిర్దోషులము కాము. మే మాసారంభమున ఒక ధాన్యపు కొనుగోలు కేంద్రమున మేము స్వయముగా నుంటిమి. కాటాయొద్ద బస్తాలనెత్తు హమాలీలలో ఒకడు తలకు తువాలు చుట్టుకొని, బస్తాకును బస్తాకును నడుమ గోడ నానుకొని నిలిచి దగ్గుచుండెను. అందరము చూచితిమి. ఎవ్వరమును అడుగలేదు. పడమట మబ్బు పట్టియుండెను, లారీ నిలిచియుండెను, చీకటి పడులోపల సరకెత్తవలెనన్నదే మా ఆలోచన. వారము తిరుగకమునుపే ఆ ముఠాలో ఆరుగురు మంచము పట్టిరి. వారి వెనుక లెక్కవ్రాయు గుమాస్తాయు పడెను. కాటా తొమ్మిది దినములు నిలిచిపోయెను. కళ్లములలో రాసులుగా నున్న ధాన్యము వానకు తడిసి, రంగుమారి, ధర పోగొట్టుకొనెను. ఆ మొదటి హమాలీ కోలుకొనెను గాని మునుపటివలె బస్తా నెత్తలేకపోయెను. నాలుగైదు దినముల కూలి అతని చేతిలోపెట్టి యింటికి పంపియుండినచో ఈ నష్టములో నెంత తప్పియుండెడిదో! ఆ మాట నాడు మాలో నొక్కరికిని తోచలేదు. నేడు ఈ విషయము నెత్తుటకు అదియే కారణము.

ఈ చర్చలో మొదట ఆహారమును గూర్చిన అపోహ తొలగవలెను. 2020 ఫిబ్రవరి, మార్చి మాసములలో కోడిమాంసమువలన, గ్రుడ్లవలన కోవిడు వచ్చునను పుకారు దేశమంతట వ్యాపించినది. ధరలు నేలకు దిగినవి. ఫిబ్రవరి చివర హైదరాబాదులో మంత్రులు బహిరంగ వేదికపై కోడిమాంసమును తిని చూపవలసివచ్చెను. ఐనను భయము తీరలేదు. గోదావరి జిల్లాల కోళ్ల రైతులు చేయని తప్పునకు నష్టపోయిరి. అదే సంవత్సరము జూలైలో చైనా దేశపు అధికారులు దిగుమతియైన రొయ్యల పెట్టెలపై వైరసు జాడ కనబడినదని ఈక్వెడారు దేశపు కొన్ని సంస్థల సరకును నిలిపివేసిరి. రొయ్యలు సాగుచేయు మనవారికిని గుండె దడదడలాడెను. ఇంటింట కూరగాయలను సబ్బునీట కడిగినవారు, శుద్ధిద్రవములు చల్లినవారు కలరు. అట్టి మందులు కడుపులోనికి పోయినచో హాని చేయును. కూరకు శుభ్రమైన ధారనీరు చాలును.

నిజమేమనగా, కోవిడు తిండిద్వారా వ్యాపించునని చెప్పుటకు ఆధారము కానరాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు 2020 ఏప్రిల్ లోనే ఈ మాట చెప్పి, ఆహారమును తాకు పనివారిని కాపాడుటయే ముఖ్యమని హెచ్చరించినవి. వడ్లగింజ జ్వరమును మోయదు. గోనెసంచి దగ్గదు. రోగమును మోయునది మనుష్యుని శ్వాస. గాలి యాడని చోట, మనుష్యులు దగ్గరగా చేరి, చాలసేపు నిలిచినప్పుడు అది ఒకనినుండి యొకనికి ప్రాకును.

ఇందులకు దృష్టాంతములు కలవు. జర్మనీ దేశమున రేడా-వీడెన్‌బ్రూక్ అను పట్టణపు మాంస కర్మాగారమున 2020 జూన్ మాసమున పదునైదువందలమందికి పైగా పనివారికి వ్యాధి సోకినది. పరిశోధకులు విచారింపగా, చల్లబరచిన గదిలో అదే గాలిని మరల మరల త్రిప్పుటయు, పనివారు ఆ గాలిలో కాయకష్టము చేయుటయు కారణములుగా తేలినవి. వారిలో అనేకులు కంట్రాక్టర్ల క్రింద పరదేశములనుండి వచ్చినవారు. ఆ దేశప్రభుత్వము మేల్కొని, 2021వ సంవత్సరాదినుండి పశువధ, మాంసము కోత పనులలో కంట్రాక్టు కూలీలను పెట్టరాదని శాసించినది.

మనకు దగ్గరి దృష్టాంతము చెన్నపట్టణపు కోయంబేడు. దక్షిణదేశమున మిక్కిలి పెద్దవియగు కూరగాయల, పండ్ల, పూల టోకు మార్కెట్లలో నది యొకటి. 2020 ఏప్రిల్ చివర అచ్చట జనము క్రిక్కిరిసినప్పుడు వ్యాధి పుట్టలు పుట్టలుగా బయల్పడి, మే 5వ తేదీన మార్కెట్టు మూయవలసివచ్చెను. అచ్చటికి సరకు తోలినవారి వెంట, బస్తాలు మోసినవారి వెంట అది తమిళదేశపు జిల్లాలకును, మన చిత్తూరు, నెల్లూరు ప్రాంతములకును ప్రాకినది. మోసినది కూర కాదు, కూరను మోసినవాడు. మార్కెట్టు మూతపడినప్పుడు పంట కోసి సిద్ధముగా నుంచిన రైతును ఏ పుకారును ముంచలేదు. పనివారి యారోగ్యమును గూర్చి ముందుగా తలంపకపోవుటయే ముంచినది. అదే కాలమున మన రాష్ట్రమున రైతుబజారులను విడదీసి పాఠశాలల మైదానములకు, బయలు ప్రదేశములకు మార్చిరి. జనము పలుచనైనది, అమ్మకము నిలువలేదు. ఆ పద్ధతి మంచిదని మేము నేటికిని తలంతుము.

ఇక మన పొలములలో రోగము నడచు త్రోవలను చూతము. ఊడ్పు చేయు స్త్రీలు వరుసగా వంగి, బురదలో, ఆరుబయట గాలిలో పనిచేయుదురు. అచ్చట వ్యాధి అంటుకొను అవకాశము స్వల్పము. ఎండలో, చెమటలో, వారి ముక్కులకు గుడ్డ కట్టుమని మనము చేను గట్టుపై నిలిచి కేకలు వేయుట బుద్ధిమంతుల పని కాదు. ప్రమాదము వేరుచోట్ల నున్నది.

మొదటిది ఆటో. నలుగురు కూర్చుండదగిన బండిలో పదునైదుగురిని కుక్కి, వానకు పట్టా దించి, అరగంటసేపు పొరుగూరికి తోలుదురు. చేనిలో దినమెల్ల కలుగని సంపర్కము ఆ యరగంటలో కలుగును. రెండు బండ్లకు అద్దె యిచ్చుట, పట్టా ఎత్తించుట, ఎక్కినవారు ముఖమునకు గుడ్డ కట్టుకొనుట ఇచ్చట చేయవలసిన పనులు.

రెండవది వసతి. కోతలకును, ఇటుకబట్టీలకును, చెరువులకును ఒడిశానుండి, ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వచ్చువారు ఒక్క పాకలోనో, వాడని గిడ్డంగిలోనో ఇరువదిమంది పండుకొందురు. ఒకే కుండ నీరు, ఒకే గ్లాసు, ఒకే మరుగుదొడ్డి. ఇట్టి వసతి యేమి చేయునో సింగపూరు చూపినది. సంపన్నమైన ఆ దేశమున వసతిగృహములలో నివసించు మూడు లక్షలకు పైబడిన వలస కార్మికులలో నూటికి 47 మందికి వ్యాధి సోకినట్లు 2020 డిసెంబరులో అచ్చటి ప్రభుత్వమే ప్రకటించినది. ఊరి తక్కిన జనములో అది బహుస్వల్పముగా నుండెను. ఊరు ఒక్కటే, రోగము ఒక్కటే; భేదమంతయు పండుకొను గదిలో నున్నది.

మూడవది కాటా. కొనుగోలు కేంద్రము, మిల్లు గిడ్డంగి, రొయ్యలు శుద్ధిచేయు చల్లని గది, కూరగాయల పాట జరుగు షెడ్డు ఈ జాతిలోనివే. ఇచ్చట కప్పు క్రింద జనము మూగుదురు; కేకలు వేయుదురు; బరువు మోయువాడు రొప్పుచుండును. రైతులను గ్రామముల వరుసన, వేళల వరుసన పిలిచినచో సగము రద్దీ తగ్గును. అందులకు ఖర్చు లేదు. గుమాస్తా చేతిలో ఒక పుస్తకమును, సభ్యులకు కొంచెము ఓపికయు నున్న చాలును.

ఇవి యన్నియు చేసినను ఒక రంధ్రము మిగిలియుండును. ఆ రంధ్రమును పూడ్వనిచో తక్కిన గట్టంతయు వ్యర్థము. జ్వరము వచ్చినవాడు ఆ మాట చెప్పడు. ఎందుకు చెప్పడు? చెప్పినచో ఆ దినము కూలి పోవును. మరునాడు మేస్త్రి అతని చోట మరియొకని పెట్టుకొనును. ఊడ్పులు ఇరువది ముప్పది దినములు. కోతలు అంతకంటె తక్కువ. ఆ దినముల రాబడితో తక్కిన మాసములు గడుపుకొను కుటుంబమునకు ఐదు దినములు ఇంట కూర్చుండుట యనగా అప్పు చేయుట. కావున వాడు మాత్ర మ్రింగి, జ్వరము దించుకొని, ఆటో ఎక్కును. ఇది వాని అజ్ఞానము కాదు, వాని లెక్క. మనము గోడలపై నెన్ని హెచ్చరికలు వ్రాయించినను ఆ లెక్క మారదు. లెక్కను లెక్కతోనే మార్పవలెను.

కర్మాగారములలో పనిచేయువారికి 1948వ సంవత్సరపు ఉద్యోగుల బీమా చట్టముచే, రోగము చేసినప్పుడు వేతనములో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 దినములవరకు లభించు ఏర్పాటు కలిగినది. ఆ చట్టము పుట్టి మూడు తరములు గడచినను చేనిలో పనిచేయువానికి ఆ నీడ చేరలేదు. దారము వడకువానికి జ్వరము వచ్చినచో సెలవు. ఆ దారమునకు ప్రత్తి తీసిన స్త్రీకి జ్వరము వచ్చినచో పస్తు. ఇది న్యాయమని చెప్పగలవారు మన సంఘమున ఉందురని మేము తలంపము.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను, అడుగుట మానరాదు. కాని సహకారోద్యమము పుట్టినదే, ఎవరో వచ్చి చేయుదురని కూర్చుండక, పదిమంది చేతులు కలిపి తమ పనిని తాము చేసికొనుటకు గదా! 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన దినములలో షాహుకారు వడ్డీనుండి రైతును తప్పించుట అసాధ్యమనినవారు కలరు. చిన్న చిన్న వాటాలు కూడి ఆ పని ఎంతో కొంత చేసినవి. అదే మార్గమున ఒక జ్వరనిధిని ఏర్పరచుట మా ప్రతిపాదన.

లెక్క చూపుదము. ఒక సంఘపు సభ్యుల సాగు 1,500 ఎకరములనుకొందము. ఎకరమునకు సంవత్సరమునకు 40 రూపాయల చొప్పున వసూలు చేసినచో 60,000 రూపాయలు చేకూరును. జ్వరము, దగ్గు గలవానికి దినమునకు 300 రూపాయల చొప్పున ఐదు దినములకు 1,500 రూపాయలిచ్చినచో, ఆ మొత్తముతో 40 మందిని ఇంట విశ్రమింపజేయవచ్చును. ఐదు దినములే యెందుకన, ఇన్‌ఫ్లుయెంజా, కోవిడు వంటి జ్వరములు ఇతరులకు హెచ్చుగా అంటునది మొదటి దినములలోనే. ధాన్యపు కొనుగోలుపై సంఘమునకు వచ్చు కమీషనులో కొంత భాగమును, ఉపనిబంధనలు అనుమతించు మేరకు, దీనికి జతచేసినచో నిధి ఇంకను బలపడును. రోగములేని యేడు మిగిలిన సొమ్ము మరుసటి యేటికి చేరును. రెండు మూడు మంచి సంవత్సరములు గడచినచో చెడు సంవత్సరమునకు గట్టు సిద్ధమైనట్లే.

దీనికి వచ్చు ఆక్షేపణలను మేమెరుగుదుము. మొదటిది, రైతే అప్పులలో నుండగా అతనిపై మరియొక భారమేల యనుట. ఈ ప్రాంతమున చాలమంది సాగుదారులు కౌలురైతులు. వారి కష్టమును మేము తక్కువచేసి చెప్పము. ఐనను ఎకరము ఊడ్పునకు వేలకొలది రూపాయలు వెచ్చించు దినములలో 40 రూపాయలు పంటను మోయలేని భారము కాదు. ఒక్క దినము కాటా నిలిచి, ఒక్క వాన కురిసినచో పోవు ధర దీనికి ఎన్నియో రెట్లు. అదియునుగాక, కౌలురైతులలోను చిన్న రైతులలోను అనేకులు తమ చేను పని ముగిసిన పిమ్మట పరుల చేనికి కూలికి పోవువారే. నేడు చందా యిచ్చినచేయియే రేపు సాయము పుచ్చుకొనవచ్చును.

రెండవ ఆక్షేపణ, జ్వరమని బొంకి ఇంట కూర్చుందురనుట. దినకూలి 400 రూపాయలుండగా 300 రూపాయలకొరకు బొంకువాడు లాభపడునా? ముఠాలోనివారికి ఎవరికి జ్వరమున్నదో, ఎవరికి లేదో మనకంటె బాగుగా తెలియును. ముఠాపెద్దయు, ఆ ముఠాలోని మరియొకరును చెప్పినదానిని, గ్రామమున ఆశా కార్యకర్తయో ఆరోగ్య కేంద్రపు నర్సో చూచిన చాలును. ఒకరిద్దరు మోసగించినను, నలుబదిమందికి మేలు చేయు ఏర్పాటును అందుకై మానుకొనుట తగదు. బాకీ ఎగవేయువాడు ఒకడున్నాడని పరపతి సంఘమును మూయుదుమా?

మూడవది, కూలీలు సంఘ సభ్యులు కారుగదా యనుట. కారనుట నిజమే. కాని వారు కోసిన ధాన్యము సభ్యులది; వారు ఎత్తిన బస్తా సంఘముది. ఇట్టివారిని ఏదో యొక విధమున సభ్యత్వమున చేర్చుకొను మార్గమును పాలకవర్గము వెదకవలెనని మా అభిప్రాయము. ఆ మార్గము దొరకువరకు, నిధి సభ్యుల పంట రక్షణకు చేయు ఖర్చుగానే ఎంచవచ్చును. పురుగుమందునకు ఖర్చుపెట్టుటకు వెనుకాడని మనము, చేను పనివాని ఆరోగ్యమునకు వెనుకాడుట వింతగా నున్నది.

మరి, మహమ్మారి లేదుగదా యనువారికి ఒక మాట. ముప్పు మన గడపకు మరల వచ్చి పలుకరించినది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరులోను, తూర్పుగోదావరి జిల్లా కానూరు అగ్రహారములోను చచ్చిన కోళ్లలో హెచ్5ఎన్1 అను పక్షిజ్వరము కలదని భోపాలునందలి జాతీయ ప్రయోగశాల నిర్ధారించినది. ఆ ఫారముల చుట్టును ఒక కిలోమీటరు మేర కోళ్లను చంపి పూడ్చుటయు, పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టుటయు జరిగినది. మార్చి మాసమున పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఈ వైరసువలన మరణించినది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసమును నోట పెట్టుకొన్నట్లు విచారణలో తేలెను. అమెరికా దేశమున 2024 మార్చినుండి ఈ వైరసు పాడియావులకును సోకి, సుమారు 70 మంది మనుష్యులకు అంటినది. వారిలో అత్యధికులు పాలు పితుకువారును, కోళ్లయొద్ద పనిచేయువారును. మనుష్యునినుండి మనుష్యునికి ఇది సులువుగా ప్రాకుట ఇంతవరకు కానరాలేదు. ప్రాకుట నేర్చిన దినమున మొదట పడువాడు కోళ్లఫారపు కూలీయే యని వేరుగ చెప్పనక్కరలేదు.

పక్షిజ్వరము విషయమున తిండి నియమమును కొంచెము వేరుగా గ్రహింపవలెను. పచ్చి మాంసము, పచ్చి గ్రుడ్డు, కాచని పాలు కూడవు. 70 డిగ్రీల వేడి లోపలివరకు తగులునట్లు ఉడికించిన మాంసమున, గ్రుడ్డున వైరసు చచ్చును. మన వంటలు సామాన్యముగా అంతకు మించి ఉడుకును. పాలు మనము కాచియే త్రాగుదుము. ఆ యలవాటును విడువరాదు. ఎక్కువ సంఖ్యలో చచ్చిన కోళ్లను ఉత్తచేతులతో తాకుట, చవుకగా అమ్ముట, కాలువలలో పారవేయుట మహాపరాధములు. పశువైద్యశాలకు వెంటనే తెలుపవలెను. ఫారమున చచ్చిన కోళ్లను తీయు కూలీకి చేతితొడుగులు, ముఖమునకు కప్పు, పని ముగియగానే స్నానమునకు సబ్బు నీరు యజమానియే సమకూర్పవలెను. ఆ కూలీకి కన్నెఱ్ఱబడినను, జ్వరము తగిలినను దాచుకొనక చెప్పుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమిచ్చునది మరల కూలి భద్రతయే. మేము మొదలుపెట్టిన చోటికే వచ్చితిమి.

కావున రాబోవు మహాజనసభయందు ఈ క్రింది తీర్మానమును సభ్యులు ప్రతిపాదించి నెగ్గింప గోరుచున్నాము.

1. ఎకరమునకు ఏటికి 40 రూపాయలకు మించని చందాతో జ్వరనిధి యొకటి ఏర్పరుపవలెను. దాని జమాఖర్చులను ప్రతి మాసము సంఘ కార్యాలయపు గోడపై అందరికిని కనబడునట్లు అంటింపవలెను.

2. సార్వా, దాళ్వా ఊడ్పుల, కోతల కాలమున జ్వరము, దగ్గు గల కూలీని, హమాలీని ఐదు దినములు పనికి రానీయక, నిధినుండి వేతనమిచ్చి, కోలుకొన్న పిమ్మట అదే ముఠాలో అతని చోటు అతనికే యిచ్చునట్లు సభ్యులు, మేస్త్రులు ఒడంబడవలెను.

3. కొనుగోలు కేంద్రమున గ్రామముల వరుసన వేళలు నిర్ణయించి, కాటాయొద్ద నీరు, సబ్బు ఎల్లప్పుడు నుంచవలెను. అంటువ్యాధి ప్రబలినప్పుడు కాటాను ఆరుబయటికి మార్పవలెను.

4. పొరుగు ప్రాంతములనుండి వచ్చు కూలీల వసతిని సీజనుకు ముందే పాలకవర్గము చూచి, గాలి, నీరు, మరుగుదొడ్డి లేనిచోట ముఠాను దింపరాదని సభ్యునికి తెలుపవలెను.

ఈ నాలుగింటిలో రెండవదే ప్రాణము. మొదటిది లేక అది నిలువదు. మూడు, నాలుగు దానికి తోడు. సభ్యులలో కొందరు మొదటి యేడు చందాను సగమునకు తగ్గింపుమనవచ్చును. తగ్గించి యైనను ఆరంభింపుడని మా మనవి. నిధి చిన్నదైనను, జ్వరము వచ్చినదని చెప్పిన కూలీకి పని పోదను మాట ఊరిలో ఒకసారి స్థిరపడినచో, సగము పని జరిగినట్లే.

ఆ హమాలీ నేడు ఊరిచివర చిన్న కొట్టు పెట్టుకొని బ్రదుకుచున్నాడు. మేము ఆ దారిన పోవునపుడెల్ల నమస్కరించి పలుకరించును. నాటి మాట ఎన్నడును ఎత్తడు. అతడు ఎత్తకపోయినను మనము ఎత్తవలెను. సభకు తప్పక రండు. ఈ విషయముపై చేయెత్తి మీ అభిప్రాయమును తెలుపుడు.